జన్యు చికిత్స: నయమైన గుణం సంతానానికి చేరుతుందా?

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు వేసే రైతు విత్తనానికి ఎక్కువగా తన పొలం మీదే ఆధారపడతాడు. పంట తవ్వినప్పుడు తెగులు సోకని, మొగ్గలు బలంగా ఉన్న కొమ్ములను, గోళాలను ఏరి, నీడలో కుప్పపోసి తొలకరి దాకా కాపాడుకుంటాడు. ఎకరాకు సుమారు 8 నుంచి 10 క్వింటాళ్ళ దుంప కావాలి. నాటిన దుంప ఎనిమిది, తొమ్మిది నెలలకు మళ్ళీ దుంపలనే ఇస్తుంది. పసుపు పూయదా అంటే పూస్తుంది. గింజ కట్టడం మాత్రం బహు అరుదు. దాని కణంలో క్రోమోజోములు 63, అంటే 21 చొప్పున మూడు జట్లు. బీజకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జంటలుగా చేరి సమంగా విడిపోవాలి. మూడు జట్లతో ఆ పంపకం కుదరదు. ఉద్యాన గ్రంథాల్లో దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు రకాల పక్కన 'ఆర్మూర్' పేరుతో కనిపించే స్థానిక రకం కూడా ఇలా ముక్కలుగా, దుంపలుగానే తరాలు దాటింది.

అందువల్ల పసుపు మొక్క శరీరంలో ఏ మొగ్గలో మార్పు వచ్చినా, ఆ మొగ్గ నుంచి పెరిగిన కొమ్మును నాటితే ఆ మార్పు వచ్చే ఏటి పంటలో కనిపిస్తుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈరోడ్ స్థానిక రకం దుంపలకు ఎక్స్ కిరణాలు సోకించి, వాటిలో మెరుగైనవాటిని ఏరి కో-1, బి.ఎస్.ఆర్-1 రకాలను తెచ్చింది. అక్కడ మారినవి శరీర కణాలే, అయినా గుణం నిలిచింది. దుంపకుళ్ళు క్రిమి కూడా అదే దుంపలో దాగి మరుసటి ఏటికి చేరుతుందన్నది రైతుకు బాగా తెలిసిన నష్టం. ఆర్మూర్ మండలంలోనే ఉన్న అంకాపూర్‌ది మరో పద్ధతి. విత్తనోత్పత్తికి పేరున్న ఆ ఊరి సంకర విత్తన మళ్ళలో మగ వరుసలు, ఆడ వరుసలు వేరువేరుగా వేస్తారు. గింజ ఏ గుణంతో పుడుతుందో పుప్పొడి, అండం కలిసే చోట తేలుతుంది. మొక్క ఆకుకు ఏం జరిగిందన్నది గింజకు పట్టదు.

జన్యు చికిత్స గురించి జనం తరచుగా అడిగే ప్రశ్న ఈ రెండు పద్ధతుల మధ్యనే ఉంది. ఒక మనిషి జన్యువును సరిచేస్తే, అతని పిల్లలకు ఆ జబ్బు రాకుండా పోతుందా? చాలామంది పోతుందనే అనుకుంటారు. జన్యువంటేనే వంశపారంపర్యం కదా, దాన్నే బాగుచేశాక ఇంకేముంటుందని వారి తర్కం. ఇప్పటిదాకా అనుమతి పొందిన జన్యు చికిత్సలన్నింటి విషయంలోనూ ఆ తర్కం తప్పు.

జంతువుల్లో శరీరానికి, సంతానానికి మధ్య గట్టి విభజన ఉంది. దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు జర్మన్ జీవశాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మన్. ఆయన ఎలుకల తోకలను తరం తర్వాత తరం కత్తిరిస్తూ పోయాడు; పుట్టిన ప్రతి పిల్లకూ నిండు తోకే ఉంది. 1892లో వెలువరించిన పుస్తకంలో ఆయన బీజకణాల వరుసను శరీర కణాల నుంచి విడదీసి చూపాడు. బీజకణాల నుంచి శరీరం తయారవుతుందే గాని, శరీరానికి జరిగినది బీజకణాల్లోకి తిరిగి వెళ్ళదన్నది ఆయన వాదన. మానవ పిండంలో ఈ విభజన చాలా ముందే జరుగుతుంది. గర్భం మూడో వారానికల్లా భావి అండాలకు, శుక్రకణాలకు మూలమైన కణాలు పక్కకు తప్పుకుంటాయి. అవి పచ్చసొన సంచి గోడలో కనిపించి, అక్కడి నుంచి బీజాశయాలు ఏర్పడే చోటికి నడిచి వెళ్తాయి. కాలేయం, ఎముక మజ్జ, కండరం, మెదడు వేరే దారిలో పెరుగుతాయి. వీటిలో ఏ అవయవంలో ఎంత మార్పు చేసినా అది ఆ మనిషితోనే ఆగిపోతుంది.

ఈ విభజనను బట్టే చికిత్స రెండు రకాలైంది. కాలేయం, రక్తం, కంటిపొర వంటి భాగాల కణాల్లో జన్యువును చేర్చడం, ఆపడం, సవరించడం దేహకణ జన్యు చికిత్స. అండంలోనో, శుక్రకణంలోనో, అవి కలిసిన తొలి దశ పిండంలోనో చేసే మార్పు బీజకణ జన్యు చికిత్స. రెండోదానిలో మార్పు పుట్టబోయే బిడ్డ ఒంట్లోని దాదాపు ప్రతి కణానికీ, అతని బీజకణాలకూ చేరుతుంది. అక్కడి నుంచి మనవలకు, మునిమనవలకు పోవచ్చు. మొదటిదానికి అనేక దేశాల్లో అనుమతులున్నాయి. రెండోదాన్ని భారత్ సహా చాలా దేశాలు నిషేధించాయి.

మొదటిదాని అధికారిక చరిత్ర 1990 సెప్టెంబర్ 14న మొదలైంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఫ్రెంచ్ ఆండర్సన్ బృందం, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని నాలుగేళ్ళ పాప తెల్ల రక్తకణాలను బయటికి తీసి, ఏడీఏ జన్యువు చేర్చి తిరిగి ఎక్కించింది. 1999లో పద్దెనిమిదేళ్ళ యువకుడు ఇలాంటి ప్రయోగంలోనే మరణించడంతో ఈ రంగం చాలా ఏళ్ళు కుంటుపడింది. జన్యువును మోసే వైరస్ మీద అతని శరీరం విరుచుకుపడటమే ఆ మరణానికి కారణం. ఇప్పుడు మార్గాలు రెండు. కణాలను బయటికి తీసి బాగుచేసి తిరిగి ఎక్కించడం ఒకటి. నిరపాయకరంగా మార్చిన వైరస్‌తోనో, సన్నటి కొవ్వు రేణువులతోనో నేరుగా ఒంట్లోకి పంపడం రెండోది.

ఈ రెండు చికిత్సల తేడాను ఒకే వ్యక్తి పనిలో చూడాలంటే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని కిరణ్ ముసునూరు దగ్గరికి వెళ్ళాలి. హృద్రోగ వైద్యుడు, జన్యుశాస్త్రవేత్త. 2018 నవంబర్‌లో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయి పిండాల జన్యువులు సవరించి కవల ఆడపిల్లలను పుట్టించాడన్న వార్త బయటికి వస్తున్నప్పుడు, ఆ సమాచారాన్ని ముందుగా పరిశీలించమని అసోసియేటెడ్ ప్రెస్ అడిగిన నిపుణుల్లో ముసునూరు ఒకరు. లెక్కలు చూసి ఆయన దాన్ని సమర్థించలేని మానవ ప్రయోగమని బాహాటంగా ఖండించారు. మరుసటి ఏడు ఆ వ్యవహారం మీద 'ది క్రిస్పర్ జనరేషన్' అన్న పుస్తకమే రాశారు.

అదే ముసునూరు, ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యురాలు రెబెకా ఆరెన్స్-నిక్లస్‌తో కలిసి 2025లో ఒక్క పసివాడి కోసం ఒక్క మందు తయారు చేయించారు. ఆ బాబుకు సీపీఎస్1 అనే ఎంజైమ్ లోపం ఉంది. మాంసకృత్తులు అరిగాక మిగిలే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చలేకపోవడంతో అది మెదడుకు విషమవుతుంది. సుమారు 13 లక్షల కాన్పుల్లో ఒకరికి వచ్చే జబ్బు. ఈ ఒక్క బాబు డీఎన్ఏలో తప్పిన అక్షరానికి సరిపోయే మందు ఏ కంపెనీ దగ్గరా ఉండదు. దాదాపు ఆరు నెలల్లో మందు రూపొందింది. డీఎన్ఏ రెండు పోగులనూ తెంచకుండా ఒక్క అక్షరాన్ని మార్చే సాధనాన్ని కొవ్వు రేణువుల్లో పెట్టి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య మూడు విడతలుగా ఎక్కించారు. పిల్లవాడు ఎక్కువ మాంసకృత్తులు తట్టుకోగలిగాడు, పాత మందుల మోతాదు తగ్గింది. మే నెలలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఈ ఫలితాలను ప్రచురించింది. ఆ కొవ్వు రేణువులు చేరేది కాలేయానికి. పెద్దయ్యాక ఆ బాబు తండ్రైతే, బిడ్డకు అందించేది తాను పుట్టిన నాటి జన్యువునే. చికిత్సను అలా ఉద్దేశించే రూపొందించారు. పిండాన్ని ముట్టుకున్నవాడిని తప్పుపట్టి, పుట్టిన బిడ్డ కాలేయాన్ని సవరించడంలో వైరుధ్యమేమీ లేదు.

కుటుంబాలు ఆశపడేది, పొరపడేది ఈ వారసత్వపు లెక్కలోనే. 2021లో హైదరాబాద్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో మూడేళ్ళ బాబుకు జోల్జెన్‌స్మా ఇంజెక్షన్ ఇచ్చారు. వెన్నెముక నాడీకణాలు క్షీణించి కండరాలు వాలిపోయే జబ్బుకు అది ఒక్కసారే ఇచ్చే మందు. దాని ఖరీదు 16 కోట్ల రూపాయలను వేలాదిమంది దాతల నుంచి పోగుచేశారు. దిగుమతి సుంకాన్ని కేంద్రం మాఫీ చేసింది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఒక రోగికి ప్రభుత్వమిచ్చే సాయం గరిష్ఠంగా 50 లక్షలు. హైదరాబాద్‌లో దీనికి నిర్దేశించిన కేంద్రాలు సీడీఎఫ్‌డీ, నిమ్స్. ఇంత ఖర్చయినా ఆ తల్లిదండ్రుల జన్యువుల్లో మార్పేమీ ఉండదు. ఇద్దరూ లోపమున్న ప్రతిని ఒక్కొక్కటి మోస్తున్నారు కాబట్టి, మరో కాన్పులో ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతుగానే మిగులుతుంది. మందు తీసుకున్న పిల్లవాడు పెద్దవాడై పెళ్ళాడితే, అతని ప్రతి బిడ్డకూ లోపమున్న ప్రతి ఒకటి తప్పక వెళ్తుంది. భార్య ఆ లోపం లేనిదైతే పిల్లలు ఆరోగ్యంగానే ఉంటారు, వాహకులుగా మాత్రం మిగులుతారు. మేనరికమైతే ఆమె కూడా వాహకురాలయ్యే అవకాశం పెరుగుతుంది.

రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియాలో లెక్క మరోలా ఉంటుంది. రాయలసీమ రోగులకు చిరపరిచితమైన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం, తీవ్రమైన హిమోఫీలియా-ఎ ఉన్న ఐదుగురికి వారి మూలకణాల్లోనే ఫ్యాక్టర్-8 జన్యువును చేర్చి ఎక్కించింది. ఆ ఫలితాలు 2024 డిసెంబర్‌లో వెలువడ్డాయి. గమనించిన కాలంలో రక్తస్రావాలు ఆగిపోయాయి. ఈ జబ్బు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. చికిత్స పొందిన తండ్రి తన ఎక్స్‌ను కూతుళ్ళందరికీ ఇస్తాడు, కొడుకులకు ఇవ్వడు. కాబట్టి కొడుకులకు భయం లేదు, కూతుళ్ళందరూ వాహకులే. ఆ కూతురికి పుట్టే మగబిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగం. తాతకు నయమైందన్న ధైర్యంతో ఆ కాన్పు ముందు పరీక్ష మానేస్తే ఇబ్బంది.

సికిల్ సెల్ రక్తహీనత తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన ప్రాంతాల జబ్బు. ఆర్మూర్‌కు ఉత్తరాన గోదావరి దాటితే ఉండే పాత ఆదిలాబాద్ గూడేలు, విశాఖ ఏజెన్సీ దానికి గురైన చోట్లు. దీనికి 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన క్యాస్‌గెవి, క్రిస్పర్ అనే జన్యు సవరణ సాధనంతో తయారై అనుమతి పొందిన తొలి మందు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఇది జబ్బు పుట్టించే జన్యువు జోలికే వెళ్ళదు. పుట్టుక తర్వాత పిండదశ హిమోగ్లోబిన్ తయారీని ఆపేసే బీసీఎల్11ఏ జన్యువు స్విచ్చిని చెడగొట్టి, ఆ పాత హిమోగ్లోబిన్ మళ్ళీ తయారయ్యేలా చేస్తుంది. అంటే బాగుపడిన రక్తకణాల్లో సైతం సికిల్ జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది, బీజకణాల సంగతి వేరే చెప్పాలా!

ఈ చికిత్సలో బీజకణాలకు పొంచి ఉన్న ప్రమాదం మరోచోట ఉంది. సవరించిన కణాలకు మజ్జలో చోటు చేయడానికి బుసల్ఫాన్ అనే ఘాటైన మందుతో పాత మజ్జను తుడిచేస్తారు. అది అండాశయాలను, వృషణాలను కూడా దెబ్బతీసి సంతానం లేకుండా చేయగలదు. అందుకే పెళ్ళికాని యువతీయువకులకు ముందే అండాలు, శుక్రకణాలు గడ్డకట్టించి దాచుకోమని వైద్యులు చెబుతారు. అలా దాచినవాటిలో ఉండేది సికిల్ జన్యువే. ఇదే జబ్బుకు ఢిల్లీలోని సీఎస్ఐఆర్-ఐజీఐబీ అభివృద్ధి చేసిన దేశీయ క్రిస్పర్ చికిత్సను 2025 నవంబర్‌లో బిర్సా ముండా పేరుతో 'బిర్సా 101'గా ప్రకటించారు. అదీ దేహకణ చికిత్సే. చవకగా అందించడమే దాని లక్ష్యం.

వైస్‌మన్ గీసిన గీత మందులకు పూర్తిగా దాటరానిదేమీ కాదు. 2001లో హిమోఫీలియా-బి ప్రయోగంలో కాలేయానికి పంపిన వైరస్ తాలూకు డీఎన్ఏ, మొదటి రోగి వీర్యంలో కనిపించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రయోగాన్ని ఆపించింది. ఆ జాడ క్రమంగా మాయమైందని, శుక్రకణాల్లోకి చొరబడలేదని తేలాక మళ్ళీ అనుమతించింది. ఇప్పుడు అలాంటి మందు తీసుకున్న పురుషులు కొన్ని నెలలపాటు సంతానానికి ప్రయత్నించరాదని, వీర్యదానం చేయరాదని సూచిస్తారు. ముసునూరు సహ వ్యవస్థాపకుడైన వెర్వ్ సంస్థ చెడు కొలెస్ట్రాల్ తగ్గించే సవరణకు అనుమతి కోరినప్పుడు కూడా, 2022లో అదే నియంత్రణ సంస్థ బీజకణాలు మారవని ఆధారం చూపమంది. చికిత్స పొందిన ఆడ ఎలుకల పిల్లల్లో మార్పు కనిపించలేదని సంస్థ పరిశోధకులు ప్రచురించారు.

బీజకణ చికిత్సకు మనుషుల్లో బాగా తెలిసిన ఉదాహరణ హే జియాన్‌కుయిదే. అది చికిత్స అనిపించుకోదు కూడా. తండ్రికి హెచ్ఐవీ ఉంది కాబట్టి పిల్లలకు అది సోకకుండా సీసీఆర్5 జన్యువును చెడగొట్టానన్నాడు. వీర్యాన్ని శుభ్రపరిచి గర్భధారణ చేయించే పద్ధతితో ఆ ముప్పు అప్పటికే తప్పించగలిగేది. పైగా కొందరు మనుషుల్లో సహజంగా కనిపించే మార్పు కవలల్లో ఎవరికీ రాలేదు. ఒక పాపలో సీసీఆర్5 రెండు ప్రతుల్లో ఒకటి అసలు మారనే లేదు. ఒకే పిండంలో కొన్ని కణాలు ఒకలా, కొన్ని మరోలా మారిన గుర్తులూ ఉన్నాయి. ఒక కణం నుంచి రెండు, రెండు నుంచి నాలుగు అవుతున్న వేళ క్రిస్పర్ ఆలస్యంగా పనిచేస్తే ఇలా జరుగుతుంది. పిండం నుంచి ఒకటి రెండు కణాలు తీసి పరీక్షిస్తే మిగతావాటి స్థితి తెలియదు. 2019 డిసెంబర్‌లో చైనా కోర్టు అతనికి మూడేళ్ళ జైలు విధించింది. భారత్‌లో వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం, ఔషధ నియంత్రణ సంస్థ కలిసి 2019లో విడుదల చేసిన మార్గదర్శకాలు బీజకణ జన్యు చికిత్సను నిషేధించాయి.

చట్టబద్ధంగా తరాలకు చేరే మార్పు ఒకటుంది. తల్లి కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపభూయిష్టమైతే వేరే స్త్రీ అండంలోని ఆరోగ్యవంతమైన మైటోకాండ్రియాను వాడే పద్ధతికి బ్రిటన్ 2015లో చట్టం చేసింది. అలా ఎనిమిది మంది పిల్లలు పుట్టారని 2025 జులైలో న్యూకాజిల్ వైద్యులు ప్రకటించారు. వారిలో ఆడపిల్లలు ఆ మైటోకాండ్రియాను తమ సంతానానికి ఇస్తారు.

మొక్కల్లో ఈ సంకోచం లేదు. 2025 మే 4న కేంద్రం ప్రకటించిన తొలి రెండు జన్యుసవరణ వరి రకాలూ తెలుగు రైతుకు తెలిసిన వంగడాల నుంచి వచ్చినవే. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి డీఆర్ఆర్ ధాన్ 100 (కమల)ను, ఢిల్లీలోని ఐఏఆర్ఐ కాటన్‌దొర సన్నాలు నుంచి పూసా డీఎస్టీ వరి 1ను తయారు చేశాయి. గింజ నుంచి పెంచిన కణాల ముద్దలో సవరణ చేసి, ఒక కణం నుంచి మొత్తం మొక్కను లేపుతారు. శరీర కణంలో చేసిన మార్పు గింజకు చేరిపోతుంది. సవరణకు వాడిన పరాయి జన్యువు తరువాతి తరంలో కొన్ని మొక్కలకు రాదు, వాటినే ఎంచుకుంటారు. గింజ దాదాపు కట్టని పసుపులో ఈ వడపోతకు వీల్లేదు, అక్కడ పరాయి డీఎన్ఏ చేర్చకుండా సాధనాన్ని నేరుగా కణంలోకి పంపాల్సిందే.

మనుషుల్లో తరాల సమస్యకు ఇప్పుడున్న పరిష్కారాలు పాతవి, జన్యు చికిత్సకంటే చవకవి. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం, తెలిసిన జన్యువ్యాధుల కోసం పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టకముందే పరీక్షించనిస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైన జంటకు, జబ్బు లేని పిండాలు అలా పరీక్షించినవాటిలోనే దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి జన్యు సవరణ అవసరమే అరుదుగా పడుతుంది. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ గర్భిణులకు వాహక పరీక్షలు ప్రోత్సహిస్తోంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యంగా పెట్టుకుంది. ప్రతి జన్యు లోపానికీ జన్యు చికిత్సే చేయాలనేం లేదు కూడా. సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనం, వైశ్య సామాజికవర్గంలో ఒక ఎంజైమ్ లోపం మిగతావారికంటే చాలా ఎక్కువని గుర్తు చేసింది. ఆ లోపమున్నవారికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండర సడలింపు మందు ప్రమాదకరం. ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యుడికి చెబితే చాలు.

చికిత్సలు పెరిగేకొద్దీ పరీక్షలు చేసేవారికి కొత్త చిక్కు వస్తోంది. సికిల్ సెల్ రోగికి అన్నదమ్ముల మజ్జ మార్పిడి జరిగితే, ఆ తర్వాత అతని రక్తంలో కనిపించేది దాత జన్యువు. రక్తపరీక్ష అతన్ని ఆరోగ్యవంతుడిగానో, వాహకుడిగానో చూపుతుంది. పిల్లలకు అతనిచ్చేది మాత్రం తన సొంత జన్యువు. ఉమ్మిలో కూడా రక్తకణాలు కలుస్తాయి కాబట్టి దాన్నీ నమ్మలేరు. పెళ్ళికి ముందో, భార్య గర్భవతైనప్పుడో సలహాకు వచ్చిన అలాంటి మనిషికి చర్మం నుంచి పెంచిన కణాల్లో జన్యు పరీక్ష చేయాలి, లేదా చికిత్సకు ముందు నాటి నివేదిక తెప్పించి చూడాలి.